జమ్ము మడుగు నీళ్ళ టీ

ఇందులో ప్రతి మాటా నిజం. అమరావతి అమరేశ్వరుడి మీద ఒట్టు. ఆయన మీద ఇదివరకే చాలా ఒట్లు పెట్టి ఉన్నాను కాబట్టి, నమ్మకం చాలని వాళ్ళ కోసం నా కంచంలో అన్నం మీద ఒట్టు, అందులో కలుపుకున్న గోంగూర మీద ఒట్టు. మా ఊళ్ళో నా పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. కోతలు కోసేవాడి ఇల్లు ఎక్కడ అంటే మాత్రం చంటిపిల్లలు కూడా చూపిస్తారు. "నీ మాటల్లో పాలకంటే నీళ్ళెక్కువరా" అనేవాడు నా స్నేహితుడు. వాడు టీకొట్టువాడు. పాల సంగతీ నీళ్ళ సంగతీ వాడికి బాగా తెలుసు. ఇది వాడి కథ కాబట్టి ఈసారి నీళ్ళు కలపదల్చుకోలేదు.

చిలకలూరిపేట నుంచి మార్టూరు వైపు వెళ్ళే రోడ్డు మీద మా ఊరి బస్సు స్టేజీ ఉంటుంది. ఊరు కొంచెం లోపలికి. చుట్టూ నల్లరేగడి, ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. భూమి మంచిదే కానీ కింద నీళ్ళే ఉప్పు. ఎక్కడ బోరు వేసినా ఉప్పే. ఆ నీళ్ళలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కొత్తకోడలు తలంటుకుంటే జుట్టు చాపలా అట్టకడుతుంది. ఊరు మొత్తానికి మంచినీళ్ళ బావి ఒక్కటే. అది స్టేజీ వెనక, వాగు ఒడ్డున, జమ్ము మడుగుకి ఆనుకుని ఉండేది.

జమ్ము మడుగు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. మా వాగు పైన కొండల్లో పుట్టి, మా ఊరి దగ్గరికి వచ్చేసరికి అలసిపోయి, వంకలు తిరిగి తిరిగి ఒక పల్లంలో పడుకునేది. అది పడుకున్న చోటల్లా మనిషి కనపడనంత ఎత్తున జమ్ము గడ్డి. నీటికోళ్ళు, కొంగలు, కప్పలు, ఎండాకాలంలో కూడా పాదం మునిగేంత తడి. జమ్ము కంకులు పగిలి దూది ఎగిరే రోజుల్లో టీకొట్టు రేకుల మీద తెల్లగా పేరుకునేది. ఒకసారి మా దున్నపోతు ఆ జమ్ములోకి వెళ్ళి బయటికి వచ్చేసరికి దాని వీపు మీద కొంగ గూడు కట్టి గుడ్లు పెట్టిందని నేను బస్సు డ్రైవర్లకి చెప్పేవాణ్ణి.

"పొదిగిందాకా ఆగలేదేందిరా మీ దున్న? అంత తొందరేమొచ్చింది దానికి?" అని వాడు పొయ్యి దగ్గర్నుంచే అరిచేవాడు.

వాడిదీ నాదీ ఒకటే బడి, ఒకటే బెంచీ. నేను వాణ్ణి బావా అనేవాణ్ణి, వాడి భార్యని చెల్లెమ్మా అనేవాణ్ణి. రంజాన్ నెలలో సాయంత్రం వాళ్ళింటి గంజిలో నాకూ ఒక గిన్నె ఉండేది. పగలంతా తిన్నవాడివి నీకెందుకురా అని వాడు, పోనీ పాపం తాగనీ అని చెల్లెమ్మ. వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. చిన్నప్పటి నుంచీ ఆ దుమ్ము వాడికి పడలేదు. దగ్గొచ్చి కళ్ళు నీళ్ళు కారేవి. అందుకే ఆ పని వదిలేసి స్టేజీలో టీకొట్టు పెట్టుకున్నాడు.

ఆ టీ గురించి నేను ఒక్క అబద్ధం కూడా చెప్పనక్కరలేకపోయింది. రంగు ఇటుకపొడిలా, నాలుక మీద పడగానే ఒక తీపి, అది పంచదారది కాదు. మా స్టేజీలో ఆగకూడని బస్సులు కూడా ఆగేవి. డ్రైవరు టైరు చూసే నెపంతో దిగి, గ్లాసు ఖాళీ చేసి ఎక్కేవాడు. ఏం కలుపుతావని అడిగితే వాడు వెనక్కి, జమ్ము వైపు, గరిటె చూపించేవాడు. "అదిగో, ఆ బావి. నాదేం లేదయ్యా, నేను పొయ్యి వెలిగిస్తా, అంతే." వాడికి ఇల్లు లేకపోయినా పర్వాలేదు, పొలం లేకపోయినా పర్వాలేదు, వాడి టీ బాగాలేదని ఎవడైనా అంటే మాత్రం ఆ రోజు అన్నం తినడు. అలాంటి మనిషి.

తొంభైల చివర్లో వానలకి దారి తప్పింది. రావలసినప్పుడు రాకుండా, పిలవనప్పుడు వచ్చి మీద పడేవి. ఒక ఏడు కార్తీకంలో ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. వాగు వంకల్లో నీళ్ళు నిలిచి, జమ్ములోంచి పొర్లి, పక్క చేలలోకి ఎక్కాయి. మిరపకి తడి కావాలి గాని నిలవనీరు పడదు. వేళ్ళు కుళ్ళి, మొక్కలు నిలబడ్డచోటే తలలు వేలేశాయి. ఆ ఏడు వాడు కూడా టీకొట్టు మీద వచ్చినదంతా పెట్టి వాగు పక్కన ఒక చెక్క పొలం కౌలుకి తీసుకుని మిరప వేశాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి, ఆ వాడిన మొక్కల్ని రోగిష్టివాళ్ళని లేపినట్టు చేత్తో లేపి చూసేవాడు. అవి లేవలేదు.

నీళ్ళు తీశాక రైతులంతా టీకొట్టు పందిరి కింద కూడారు. అందరి కోపం జమ్ము మీదే. వాగుకి అడ్డం పడేది అదే, నీళ్ళు నిలవేసేది అదే, పైగా ఎండాకాలంలో ఉన్న కాస్త నీళ్ళు తాగేసేదీ అదే. జమ్ము పీకేసి, వంకలు కొట్టేసి, వాగుని కాలవలాగా తిన్నగా తవ్వేస్తే వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి. పొక్లెయిన్ పిలిపిద్దాం, ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి వాడిదే. ఆ చేతిలో టీ వడపోసే గుడ్డ కూడా ఉంది. రెండో చెయ్యి నాది. నాకు పొలం లేదు. బావ ఎత్తాడు కదా అని ఎత్తాను.

చెల్లెమ్మ ఒక్కతే గ్లాసులు కడుగుతూ అంది. "జమ్ములో నీటికోడి పిల్లల్ని లేపిందయ్యా. అవి ఎగిరిందాకన్నా ఆగండి."

అందరూ నవ్వారు. "నీటికోడికి వేరే ఇల్లు కట్టిద్దాంలేవే" అన్నాడు వాడు.

పొక్లెయిన్ వచ్చిన రోజు ఊరంతా తిరనాళ్ళకి వచ్చినట్టు వచ్చింది. ఇనప చెయ్యి దిగినప్పుడల్లా జమ్ము దుంపలు నల్లటి బురదతో సహా పైకి లేచి ఒడ్డున పడేవి. పిల్లలు కప్పల వెంట పరుగులు పెట్టారు. సాయంత్రానికి మా వాగు పాపిట తీసినట్టు తిన్నగా అయింది. ఎంత అందంగా ఉందో అనుకున్నాం. వాడు అందరికీ టీ పోశాడు. నీటికోళ్ళు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు మిరప బాగా పండింది. చూశారా అన్నాం. వాన పడితే ఒక్క పూటలో వాగు మొత్తం లాగేసేది. పూర్వం వాన మా ఊరు వచ్చిందంటే చుట్టమొచ్చినట్టే. జమ్ములో కూర్చుని, మంచీ చెడ్డా మాట్లాడి, నెమ్మదిగా నేలలోకి దిగి, తీరిగ్గా వెళ్ళేది. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సు అయింది. హారన్ కొట్టుకుంటూ వస్తుంది, మా స్టేజీలో ఆగదు. ఈ పోలిక నాకు అప్పుడు తట్టలేదు. అప్పుడు నేను కూడా చప్పట్లు కొట్టినవాణ్ణే.

ఆ పై ఏడు కాయలు కోసి కల్లాల్లో ఆరబోశాం. ఎండ మండుతోంది, మాఘం దాటింది, ఆకాశంలో మబ్బు అన్న మాట లేదు. పైన కొండల్లో ఎక్కడో కురిసిందట. మా దగ్గర చినుకు కూడా లేదు. వాగు మాత్రం మధ్యాహ్నం గోడలాగా వచ్చింది. ఆపేదానికి వంక లేదు, పట్టుకునేదానికి జమ్ము లేదు. వాగు పక్క కల్లాలన్నీ ఊడ్చుకుపోయింది. వాగు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఎర్రగా, ఒక్క నీటిబొట్టు కనపడకుండా మిరపకాయలు. జనం ఒడ్డు మీద నిలబడి గోనెసంచులు విసిరారు, చీర కొంగులు పట్టారు, కొంతమంది ఊరికే నిలబడ్డారు. వాడు మోకాళ్ళ లోతు దిగి రెండు చేతులతో తోడి ఒడ్డున పోస్తున్నాడు, వాటిని వెనక నీళ్ళు మళ్ళీ తీసుకుపోతున్నాయి. ఆ ఘాటుకి దిగువన చేపలు తల పైకెత్తి తుమ్మాయి. నా కళ్ళతో నేను చూశాను. "చేపలు తుమ్ముతున్నయ్ బావా" అన్నాను, వాణ్ణి నవ్వించి బయటికి లాగుదామని. వాడు నా వైపు చూశాడు. నా మాటకి వాడు ఎదురు మాట అనకపోవడం అదే మొదటిసారి.

అయినా వాడికి టీకొట్టు ఉంది అనుకున్నాం.

ఆ ఎండాకాలంలో ఒక పొద్దున మొదటి బస్సు వచ్చే వేళకి టీ విరిగింది. గిన్నెలో పాలు పొట్టుపొట్టుగా విడిపోయి పైకి తేలాయి. వాడు పారబోసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ విరిగింది. పాలుపోసే ముసలాయన సైకిల్ దిగీ దిగకముందే పట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, నిన్నటి పాలు కలిపావా?"

"ఏందిరా మాటలు! నా గేదె ఇప్పుడే ఇచ్చింది. కావాలంటే నీ టీ నువ్వే తాగు, నా పాల జోలికి రాబాక!"

ఆయన అలిగి వెళ్ళిపోయాడు. వాడు వేరే ఇంట్లో పాలు పోయించుకున్నాడు. గిన్నె ఇసకతో తోమాడు. టీపొడి కంపెనీ మార్చాడు. పంచదార మార్చాడు. ఎవరి దిష్టో తగిలిందని చెల్లెమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నేను నా వంతుగా ఆ టీపొడిలో ఏదో విదేశీ మందు కలిపారని ఒక కథ చెప్పాను. అందర్నీ అనుమానించాం. బావిని మాత్రం ఎవరం అనుమానించలేదు. మనం తాగి పెరిగిన నీళ్ళని ఎవరు అనుమానిస్తారు? చివరికి ఒక రోజు వాడు ఉత్త నీళ్ళు గ్లాసులో పోసుకుని, టీ తాగినట్టు నిదానంగా తాగి, గ్లాసు నా చేతికిచ్చాడు.

"తాగు."

తాగాను. నాలుక చివర సన్నగా ఉప్పు.

"ఏం లేదు బావా, బానే ఉంది" అన్నాను.

"నీ మొకం" అన్నాడు. జమ్ము ఉండే చోటు వైపు తిరిగాడు. అక్కడ తెల్లటి పగుళ్ళ నేల, మధ్యలో తిన్నని గాడి. "ముందు చెయ్యెత్తింది నేనే గదరా" అన్నాడు.

అందరం ఎత్తాం అని ఊరంతా చెప్పినా వాడు వినలేదు. పైనుంచి తీపినీళ్ళు దిగడం మానేస్తే కిందనున్న ఉప్పు పైకి వచ్చి కూర్చుంటుందన్న సంగతి మాలో ఎవరికి తెలుసు? కానీ ఆ బావి నీళ్ళు తాగేవాళ్ళందరిలో దాని మీద బతికింది వాడు. మేం నీళ్ళ ట్యాంకరు వస్తే బిందె పట్టుకుని నిలబడేవాళ్ళం. వాడి కొట్టుకి బిందెలు సరిపోవు. సైకిల్‌కి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని కాలవ దాకా వెళ్ళి తెచ్చేవాడు. ఆ తర్వాత వరసగా వానలు మొహం చాటేశాయి. కాలవ కూడా ఎండింది. విరిగిన టీ తాగే బస్సు డ్రైవరు ఎవడుంటాడు? ఒకడు గ్లాసు చూసి, పూర్తిగా తాగకుండా, బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు వాడు అన్నం తినలేదు. మర్నాడు పందిరి విప్పేశాడు.

మార్టూరు దగ్గర రాళ్ళు పాలిష్ చేసే ఒక చోట పనికి చేరాడు. దూది దుమ్ము పడనివాడు రాతి దుమ్ములోకి వెళ్ళాడు. పండగకి వచ్చినప్పుడు కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. ఏం బావా అప్పుడే ముసలాడివైపోయావే అంటే, "మీ దున్నపోతు మీద కొంగనిరా నేను" అనేవాడు. అని దగ్గేవాడు. కొన్నేళ్ళకి మాట కంటే దగ్గు పొడవైంది. ఇక పనికి రావద్దన్నారు. ఇంటికి వచ్చేశాడు.

వచ్చేటప్పుడు ఖాళీగా రాలేదు. అక్కడ కోసి పారేసిన గ్రానైట్ ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, ఎవరూ తీసుకుపోరు. ఒక ట్రాక్టరు నిండా వేయించుకుని వచ్చి, జమ్ము మడుగు ఉండే చోట, తిన్నని వాగులో దింపించాడు. ఊరంతా వచ్చి చూసింది.

"ఏం బావా, వాగులో బాత్‌రూమ్ కడతన్నావా?" అన్నాడొకడు.

"నీటికోడికి ఇల్లు" అన్నాడు వాడు. చెల్లెమ్మ తల తిప్పుకుంది.

వాడు చెప్పింది ఇదీ. వానని ఆపలేం. కనీసం మన స్టేజీలో ఒక్క నిమిషం ఆగేట్టు చేద్దాం. ఎత్తుగా కట్టొద్దు, కొట్టుకుపోతుంది. వాగుకి అడ్డంగా మోకాలెత్తున, నీళ్ళు సందుల్లోంచి పోతూ పోతూ కాస్త నెమ్మదించేట్టు. ఇది వాడికి ఎవరూ నేర్పలేదు. పాత వంకలు ఎక్కడుండేవో వాడికి గుర్తు, అంతే. వాడు ఒడ్డున గొంతుక్కూర్చుని చూపిస్తుంటే నేను ముక్కలు మోశాను. జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క ఒళ్ళొంగే పని అది. చీరాల వైపు ఒక మురుగుకాలవలో జమ్ము కనిపిస్తే దుంపలు తవ్వి, గోనెలో వేసుకుని బస్సెక్కాను. ఇదేం దుంప అని పక్కనున్న పెద్దమనిషి అడిగితే షుగరుకి మందన్నాను. ఆయన రెండు దుంపలు అడిగి తీసుకున్నాడు. ఆ మాట చెప్పినప్పుడు బావ నవ్వాడు, దగ్గు వచ్చినా ఆపుకోకుండా నవ్వాడు.

మొదటి వానకి సగం రాళ్ళు పోయాయి. నవ్వినవాళ్ళే వచ్చి మళ్ళీ పేర్చారు. కల్లాలు పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళంతా. రెండో వానకి రాళ్ళ వెనక బురద పేరుకుంది. ఆ బురదలో, కత్తి మొనల్లా, జమ్ము మొలకలు. వాణ్ణి మంచం మీద మోసుకొచ్చి చూపించాం. ఎక్కువ మాట్లాడే ఓపిక లేదు. "ఒక్క టీ" అన్నాడు. ఏ టీ అని మేం అడగలేదు. ఆ బావి నీళ్ళతో, వాడి పాత గిన్నెలో, విరగని టీ. ఆ తర్వాత ఎలా పోయినా పర్వాలేదన్నట్టు చూశాడు.

ఆ వానలు తగ్గాక ఒక పొద్దున చెల్లెమ్మ బావిలో చేద వేసింది. స్టేజీలో పాత పొయ్యి దగ్గరే మంచం వాల్చాం. పాలుపోసే ముసలాయన, అలిగినాయనే, తనే తెచ్చి పోశాడు. నీళ్ళు మరిగాయి, పొడి పడింది, పాలు పడ్డాయి. అందరం గిన్నెలోకి వంగాం. పొంగింది. ఇటుకపొడి రంగు. ఒక్క పొట్టు తేలలేదు. వాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చివరి చుక్క దాకా తాగి, గ్లాసు బోర్లించి చూపించాడు. రోడ్డు మీద పోయే ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగింది. డ్రైవరు టైరు చూడటానికి దిగాడు.

ఇక్కడ ఆపేస్తే బావుండేది. కానీ కంచంలో అన్నం మీద ఒట్టు పెట్టాను.

ఆ టీ నేను కల్పించాను. మిగతాదంతా నిజం. మంచం, పొయ్యి, ముసలాయన తెచ్చిన పాలు, అందరం వంగి చూడటం, అన్నీ నిజం. టీ మాత్రం విరిగింది. ఒక్క వానాకాలానికి బావి తీపెక్కుతుందా? చెల్లెమ్మ దాన్ని వడపోసింది, ఇంకోసారి వడపోసింది, గ్లాసు వాడి చేతికిచ్చింది. వాడు లోపలికి చూశాడు. నా వైపు చూశాడు.

"చెప్పరా" అన్నాడు. "ఎట్టా ఉంది?"

"విరగలేదు బావా. పాత టీయే" అన్నాను.

ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఇన్నేళ్ళూ బానే చెప్పావురా. ఇది మాత్రం రుచిగా లేదు" అన్నాడు. బస్సులు ఏవీ ఆగలేదు. జమ్ము దూది ఎగిరే రోజులు రాకముందే వాడు వెళ్ళిపోయాడు.

జమ్ము ఇప్పుడు నడుమెత్తు ఉంది. నీటికోళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో వచ్చాయి. మరో రెండు వానాకాలాలు ఆ రాళ్ళ దగ్గర ఆగి ఆగి వెళ్ళాక చెల్లెమ్మ అదే చోట పందిరి వేసింది. మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. ఇటుకపొడి రంగు, నాలుక మీద ఆ తీపి, ఒక్క పొట్టు లేదు.

"ఎట్టా ఉందన్నా?" అంది చెల్లెమ్మ.

పంచదార తక్కువైందన్నాను.

చేపలు తుమ్మిన మాట మాత్రం నిజం.